పసిమెదడుకు మొక్కల మందు: వేళకు అందుతుందా?

"పుట్టగానే ఏడవలేదండీ." పిల్లల నరాల డాక్టర్ దగ్గర తల్లులు చాలామంది మొదలుపెట్టే మాట ఇదే. కాన్పు కష్టమైంది, బిడ్డకు కాసేపు ఊపిరి అందలేదు, ఎన్‌ఐసీయూలో పెట్టారు, మర్నాటికి ఫిట్స్ వచ్చాయి. డిశ్చార్జి కాగితం మీద హెచ్‌ఐఈ అని రాసి ఉంటుంది. హైపాక్సిక్ ఇస్కీమిక్ ఎన్‌సెఫలోపతీ అన్నమాట. ప్రాణవాయువూ రక్తమూ చాలక మెదడు దెబ్బతిన్న స్థితికి వైద్యులు పెట్టిన పేరది. బిడ్డ ఇల్లు చేరాక అసలు బెంగ మొదలవుతుంది. మెడ నిలుపుతాడా? నడుస్తాడా? మాట వస్తుందా? ఆ బెంగతో ఫోన్ తెరిస్తే దానిమ్మ సారం, పసుపు క్యాప్సూల్, ద్రాక్షగింజల పొడి, గ్రీన్ టీ సారం అన్నీ మెదడును కాపాడతాయంటూ వరసకడతాయి.

ఈ మాటల్ని ఉత్త ప్రచారమని కొట్టిపారేయలేం. వాటి వెనక నిజమైన పరిశోధన ఉంది. పేరున్న ప్రయోగశాలల్లో, మంచి పత్రికల్లో వచ్చిన పని అది. అవసరమూ చిన్నది కాదు. 2010లో ప్రపంచం మొత్తం మీద కాన్పు సమయపు ఇబ్బందుల వల్ల దాదాపు 11.5 లక్షల మంది శిశువుల మెదడుకు ఇలాంటి దెబ్బ తగిలిందనీ, వారిలో 96 శాతం పేద, మధ్య ఆదాయ దేశాల్లోనే పుట్టారనీ ఒక అంచనా. ఖర్చు తక్కువై, ఊళ్లో దొరికేదై, నోటితో ఇవ్వగలిగే మందు ఒకటి ఉంటే అంతకన్నా కావలసిందేముంది?

గత ఇరవై ఏళ్లలో వచ్చిన ప్రయోగాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి స్పష్టంగా తేలుతుంది. మొక్కల్లోని యాంటీఆక్సిడెంట్లకు శక్తి ఉంది. అయితే ఆ శక్తి ఎక్కువగా కనబడింది దెబ్బకు ముందే శరీరంలో చేరినప్పుడు. తల్లిదండ్రులు అడుగుతున్నది దెబ్బ తగిలిన తర్వాత సంగతి. ఈ రెండు వేళల మధ్య ఉన్న దూరాన్ని పరిశోధన ఇంకా దాటలేదు. ఈ వ్యాసం చెప్పదలచిన ముఖ్యమైన మాట అదే.

దెబ్బ ఒక్కసారితో పోదు

మాయ ముందే విడిపోవడం, బొడ్డుతాడు జారి నొక్కుకుపోవడం, గర్భసంచి చిట్లడం, నొప్పులు గంటల తరబడి సాగినా కాన్పు కాకపోవడం వంటి కారణాలతో బిడ్డ మెదడుకు రక్తం తగ్గుతుంది. నిమిషాల్లో కణాల్లోని శక్తి నిల్వలు అడుగంటుతాయి. ఇది మొదటి దెబ్బ. ఊపిరి అందించి, గుండె కొట్టుకోవడం సరిపడ్డాక మెదడు కొంత తేరుకుంటుంది. సుమారు ఆరు గంటల పాటు ఒక తెరపి దొరుకుతుంది. ఆ తర్వాత, ఆరో గంట నుంచి మూడో రోజు దాకా, రెండో దెబ్బ పడుతుంది. కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియా పాడవుతాయి, ఫిట్స్ మొదలవుతాయి, మొదట బతికి బయటపడ్డ నాడీకణాలు కూడా రాలిపోతాయి. వాపు, మరమ్మతులతో సాగే మూడో దశ వారాలు, నెలలు నడుస్తుంది.

ఫ్రీ రాడికల్స్ అని మనం వినేవి ఈ దశలన్నిటిలోనూ ఉంటాయి. రక్తం ఆగిన చోటికి ఆక్సిజన్ ఒక్కసారిగా తిరిగి వచ్చినప్పుడు అవి కుప్పలుగా పుట్టుకొస్తాయి. కణాల పైపొరలోని కొవ్వును, లోపలి ప్రోటీన్లను, డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. నవజాత శిశువు మెదడుకు ఈ దాడిని తట్టుకునే బలం తక్కువ. అందులో త్వరగా ఆక్సీకరణ చెందే కొవ్వులు ఎక్కువ. దెబ్బ తగిలినప్పుడు విడుదలయ్యే ఇనుము ఆ మంటను పెంచుతుంది. విషపదార్థాలను విరిచేసే ఎంజైములు ఇంకా పూర్తిగా తయారై ఉండవు.

ఇంతవరకు విన్నవారికి యాంటీఆక్సిడెంట్ ఇస్తే సరిపోదా అనిపిస్తుంది. కాలిఫోర్నియాలోని శాన్‌ఫ్రాన్సిస్కో శాస్త్రజ్ఞులు 1990ల్లో చేసిన ఒక ప్రయోగం ఈ నమ్మకాన్ని కదిలించింది. సూపరాక్సైడ్ డిస్‌మ్యుటేజ్ అనే ఎంజైము ఫ్రీ రాడికల్స్‌లో ఒకదాన్ని విరిచి హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. అది ఎక్కువగా ఉండేలా మార్చిన పెద్ద ఎలుకల్లో పక్షవాతపు నష్టం తగ్గింది. అదే మార్పు ఉన్న ఎలుక పిల్లల్లో మాత్రం నష్టం పెరిగింది. పుట్టిన పెరాక్సైడ్‌ను నీరుగా మార్చే గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే రెండో ఎంజైము పసిమెదడులో చాలినంత లేకపోవడంతో పెరాక్సైడ్ పేరుకుపోయింది. ఆ రెండో ఎంజైమును పెంచిన ఎలుక పిల్లలకు రక్షణ దొరికింది. పెద్దవాళ్ల మెదడుకు మేలు చేసిన యాంటీఆక్సిడెంట్ పసిబిడ్డకూ మేలే చేస్తుందని ముందే అనుకోకూడదని ఈ ఒక్క ఉదాహరణే చెబుతుంది.

దానిమ్మ దగ్గర మొదలు

మొక్కల పదార్థాలపై ఈ రంగంలో ఎక్కువగా ఉదహరించే ప్రయోగం 2005లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో, వాషింగ్టన్ యూనివర్సిటీలో జరిగింది. డేవిడ్ హోల్ట్‌జ్‌మన్ బృందం చూలుతో ఉన్న చుంచెలుకలకు తాగే నీళ్లలో దానిమ్మ రసం కలిపి ఇచ్చింది. పిల్లలు పుట్టి పాలు తాగుతున్న రోజుల్లోనూ తల్లులకు ఆ నీళ్లే. ఏడో రోజున పిల్లలకు మెదడు దెబ్బ కలిగించారు.

ఆ దెబ్బ కలిగించే పద్ధతిని దగ్గరగా చూడాలి, ఎందుకంటే ఈ రంగంలోని ఫలితాల్లో అధికభాగం దాని మీదే నిలబడ్డాయి. 1981 నుంచి వాడుకలో ఉన్న పద్ధతి ఇది. ఏడు రోజుల ఎలుక పిల్లకు మెడలో ఒకవైపు కెరోటిడ్ ధమనిని ముడివేసి, తర్వాత ఆక్సిజన్ 8 శాతమే ఉన్న గాలిలో ఉంచుతారు. మామూలు గాలిలో అది 21 శాతం. ముడివేసిన వైపు మెదడు దెబ్బతింటుంది, రెండో వైపు దాదాపు బాగానే ఉంటుంది. కొద్ది రోజుల తర్వాత రెండు వైపులనూ పోల్చి ఎంత భాగం పోయిందో కొలుస్తారు. కొలత చక్కగా ఉంటుంది. దెబ్బ ఎప్పుడు, ఎంతసేపు అన్నది ప్రయోగం చేసేవారి చేతిలోనే ఉంటుంది. లేబర్ రూములో ఆ సౌకర్యం ఎవరికీ ఉండదు.

దానిమ్మ రసం తాగిన తల్లుల పిల్లల్లో మెదడు నష్టం 60 శాతానికి మించి తగ్గింది. కణాలు తమంతట తాము చచ్చిపోయే ప్రక్రియకు గుర్తైన కాస్పేజ్-3 కూడా తగ్గింది. దానిమ్మలోని ఎల్లాజిక్ ఆమ్లం పిల్లల రక్తంలో కనబడింది. అంటే తల్లి తాగినది పిల్లకు చేరిందన్నమాట. గర్భిణి తినే తిండితో పుట్టబోయే బిడ్డ మెదడుకు కవచం తొడగవచ్చన్న ఆశ అక్కడ చిగురించింది.

అదే బృందం 2007లో మరో అడుగు వేసింది. ద్రాక్ష తొక్కలో, మన పల్లీల్లో ఉండే రెస్వెరట్రాల్‌ను పరీక్షించింది. దెబ్బకు ముందు ఇస్తే మెదడుకు రక్షణ దొరికింది. దెబ్బ తగిలిన మూడు గంటలకు ఇస్తే దొరకలేదు. మొదటి ప్రయోగాన్ని అందరూ గుర్తుపెట్టుకున్నారు, ప్రకటనల్లోనూ అదే కనిపిస్తుంది. బిడ్డ తల్లిదండ్రులకు అంతకన్నా ముఖ్యమైనది ఈ రెండోది.

బ్రోకలీ, పసుపు, తక్కినవి

కెనడాలోని ఎడ్మంటన్‌లో జెరోమ్ యేగర్ బృందం బ్రోకలీ మొలకలను ఎంచుకుంది. వాటిలో సల్ఫోరఫేన్ తయారవుతుంది. మాయకు రక్తం తగ్గేలా చేసిన చూలు ఎలుకలకు ఆ మొలకలు తినిపిస్తే పిల్లల మెదడుకు నష్టం తగ్గిందని 2015లో ప్రకటించారు. ఇక్కడా మేత తిన్నది తల్లి, అదీ ముందుగా.

పసుపులోని కర్క్యుమిన్ కథ కొంచెం వేరు. లండన్ శాస్త్రజ్ఞులు 2019లో ప్రచురించిన ప్రయోగంలో ఎలుక పిల్లలకు దెబ్బ తగిలిన వెంటనే ఇచ్చినా, మరి కొన్నింటికి రెండు గంటల తర్వాత ఇచ్చినా మెదడు నష్టం తగ్గింది. తర్వాత ఇచ్చినా పనిచేసిన అరుదైన ఉదాహరణ కాబట్టి దీన్ని గౌరవంగానే చూడాలి. అయితే వాళ్లు ఇచ్చింది నోట్లో వేసే పసుపు కాదు, సూదిమందుగా ఇచ్చిన శుద్ధ కర్క్యుమిన్. సియాటెల్‌లో ఎలిజబెత్ నాన్స్ బృందం కర్క్యుమిన్‌ను అతిసూక్ష్మమైన పాలిమర్ నలుసుల్లో ఇమిడ్చి ఎలుక పిల్లలకు ఇచ్చింది. అది విడిగా ఉన్నప్పుడు మెదడుకు సరిగ్గా చేరదన్న గుర్తింపే ఆ శ్రమకు కారణం.

గ్రీన్ టీలోని ఈజీసీజీ, ఉల్లిలోని క్వెర్సెటిన్, నేరేడు జాతి పండ్లకు రంగునిచ్చే ఆంథోసయనిన్లు ఇలా చిట్టా చాలా పొడవు. గంజాయి మొక్కనుంచి తీసే, మత్తునివ్వని కెన్నబిడయాల్‌పై స్పెయిన్ శాస్త్రజ్ఞులు పంది పిల్లల్లో పనిచేశారు. పంది పిల్ల మెదడు నిర్మాణంలో మనిషి బిడ్డకు ఎలుక కన్నా దగ్గర కాబట్టి ఆ పనికి విలువ ఎక్కువ. ఒక్కొక్కదాని గురించి విడిగా చెప్పుకోనక్కర్లేదు. అధికభాగం ఫలితాలు ఒకే రకం నమూనాలో, చిన్న సంఖ్యలో, కొద్ది వారాల పరిశీలనతో వచ్చినవే.

ముందు ఎందుకు, తర్వాత ఎందుకు కాదు?

మొక్కల్లోని పాలీఫినాల్స్ అనే యాంటీఆక్సిడెంట్లు ఫ్రీ రాడికల్స్‌ను ఎదురుగా వెళ్లి పట్టుకుంటాయని చాలాకాలం అనుకున్నారు. గాజు గొట్టంలో అలా జరుగుతుంది కూడా. శరీరంలో వాటి మోతాదు అందుకు చాలదు. అక్కడ అవి చేసే ప్రధానమైన పని వేరు. కణానికి స్వల్పమైన ఇబ్బంది కలిగించి, ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే ప్రోటీన్‌ను మేల్కొలుపుతాయి. అది కణకేంద్రంలోకి వెళ్లి రక్షక ఎంజైముల జన్యువులను పనిలో పెడుతుంది. ఆ ఎంజైములు తయారై, చాలినంత పోగుపడడానికి గంటలు, కొన్నిసార్లు రోజులు పడుతుంది.

దీంతో చిక్కుముడి విడుతుంది. రోజుల ముందునుంచే తల్లి తిన్న దానిమ్మ, బ్రోకలీ పిల్లల మెదడులో రక్షణను సిద్ధం చేసి ఉంచాయి. దెబ్బ తగిలాక వచ్చిన రెస్వెరట్రాల్‌కు ఆ వ్యవధి దొరకలేదు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టయింది. తవ్వేవాడి సత్తువలో లోపం లేదు, సమయమే లేదు.

మరి గర్భిణులందరికీ ముందే ఇస్తే? అక్కడ లెక్కలు అడ్డొస్తాయి. సంపన్న దేశాల్లో వెయ్యి కాన్పులకు ఒకరిద్దరు శిశువులకే ఈ దెబ్బ తగులుతుంది. వెయ్యికి ఇద్దరున్న చోట ఏదో ఒక రసం ఆ సంఖ్యను ఒకరికి తగ్గిస్తుందా అని నమ్మకంగా తేల్చాలంటే, మామూలు గణాంక లెక్క ప్రకారం దాదాపు 47 వేల మంది గర్భిణులు పాల్గొనాలి. వెయ్యికి పదిమంది చొప్పున దెబ్బతినే చోట దాన్ని సగానికి తగ్గిస్తుందా అని చూడడానికైనా తొమ్మిది వేలమందికి పైగా కావాలి. జబ్బు రాని వందల మంది తల్లులు, రాబోయే ఒక్క బిడ్డ కోసం మందు తీసుకోవాలి. అప్పుడు ఆ మందు వల్ల అణువంత హాని కూడా ఉండకూడదు.

నోటి నుంచి మెదడు దాకా

దెబ్బ తగిలిన బిడ్డ కడుపు మామూలు బిడ్డ కడుపు లాంటిది కాదు. ఊపిరాడని సమయంలో శరీరం ఉన్న రక్తాన్ని గుండెకు, మెదడుకు మళ్లించి పేగులను ఎండబెడుతుంది. అందుకే ఇలాంటి బిడ్డలకు మొదటి రోజుల్లో పాలు పట్టడమే ఆచితూచి చేస్తారు. ఆ పేగుల్లోకి మూలికల సారం పంపితే ఎంత లోపలికి వెళుతుందో చెప్పడం కష్టం, పేగు దెబ్బతినే ప్రమాదం మాత్రం ఉంది.

పేగు దాటినా కాలేయం ఉంది. పాలీఫినాల్స్‌ను శరీరం బయటికి పంపేది ముఖ్యంగా గ్లూకురోనైడేషన్ అనే పద్ధతిలో. నవజాత శిశువులో ఈ పద్ధతి ఇంకా నెమ్మది. పుట్టిన బిడ్డలకు పచ్చకామెర్లు అంత ఎక్కువగా రావడానికి ఇదొక కారణం. 1959 ప్రాంతంలో క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయోటిక్ ఇచ్చిన పసిబిడ్డలు బూడిదరంగుకు తిరిగి చనిపోయినప్పుడు వైద్యలోకానికి ఈ పాఠం అందింది. పెద్దవాళ్ల మోతాదును బరువుతో భాగించి పసిబిడ్డకు ఇవ్వడం ఎంత ప్రమాదమో అప్పుడు తెలిసింది.

పసుపునే తీసుకుందాం. పసుపు పొడిలో కర్క్యుమిన్ సుమారు 3 శాతం. అర టీస్పూను పొడిలో యాభై మిల్లీగ్రాములకు మించదు. అందులో పేగు దాటి రక్తంలో చేరేది అత్యల్పం. బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీలో 1998లో జరిగిన ప్రయోగంలో ఆరోగ్యవంతులైన పెద్దలకు రెండు గ్రాముల కర్క్యుమిన్ ఇస్తే రక్తంలో దాదాపు ఏమీ కనబడలేదు. 20 మిల్లీగ్రాముల పైపరిన్, అంటే మిరియాల్లోని ఘాటు పదార్థం కలిపితే కర్క్యుమిన్ అందుబాటు ఇరవై రెట్లు పెరిగింది. అప్పటినుంచి పసుపు క్యాప్సూళ్లలో మిరియాల సారం కలపడం రివాజైంది. అయితే పైపరిన్ మందులను విరిచే ఎంజైములనూ అడ్డుకుంటుంది. ఫిట్స్ మందు ఫెనిటాయిన్ మోతాదు రక్తంలో దానివల్ల పెరుగుతుందని ప్రయోగాలు చూపాయి. హెచ్‌ఐఈ బిడ్డల్లో చాలామంది ఫిట్స్ మందుల మీదే ఉంటారు. పెద్దవాళ్లకు అక్కరకొచ్చిన కిటుకు ఈ బిడ్డలకు ముప్పు కావచ్చు.

మనుషుల్లో తేలినదెంత?

దానిమ్మ రసం తల్లుల దాకా వచ్చింది. బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ హాస్పిటల్ బృందం, కడుపులో బిడ్డ ఎదుగుదల తగ్గిన గర్భిణులను ఎంచుకుంది. 77 మందిలో కొందరికి రోజూ ఒక గ్లాసు దానిమ్మ రసం, తక్కినవారికి అదే రుచి గల ఉత్త పానీయం ఇచ్చారు. 55 మంది బిడ్డలకు ఎంఆర్‌ఐ తీశారు. 2019లో వెలువడిన ఫలితం ప్రకారం మెదడు పరిమాణాల్లో తేడా రాలేదు. నాడీతంతువుల అమరికలోనూ, భాగాల మధ్య అనుసంధానంలోనూ దానిమ్మ వైపు మొగ్గే కొన్ని తేడాలు కనిపించాయి. ఇది తొలి అడుగు. ఎంఆర్‌ఐలోని సూక్ష్మమైన తేడా రెండేళ్ల వయసులో బిడ్డ నడకకూ మాటకూ ఎలా పనికొస్తుందన్నది వేరే ప్రశ్న. పైగా ఆ తల్లుల సమస్య ఎదుగుదల లోపం, కాన్పులో ఊపిరాడకపోవడం కాదు.

పుట్టాక దెబ్బతిన్న బిడ్డకు మొక్కల సారం ఇచ్చి, రెండేళ్ల తర్వాత ఎదుగుదల కొలిచి, మేలు జరిగిందని నిరూపించిన పెద్ద ట్రయల్ నేటికీ లేదు. ఈ వాక్యాన్ని ఏ ప్రకటనా చెప్పదు కనుక ఇక్కడ స్పష్టంగా చెప్పాలి.

ఇలాంటి ఆశలు పెద్ద ట్రయల్స్‌లో ఏమయ్యాయో కూడా చూడాలి. ఫ్రీ రాడికల్స్‌ను పట్టే ఎన్‌ఎక్స్‌వై-059 అనే మందు జంతువుల్లో అద్భుతంగా పనిచేసింది. పెద్దవాళ్ల పక్షవాతంలో 2006లో మొదటి ట్రయల్ ఆశ చూపింది. 2007లో 3,306 మందితో జరిగిన రెండోది ఏ ప్రయోజనమూ లేదని తేల్చింది. పసిబిడ్డల్లో ఎరిత్రోపోయిటిన్ మీద ఎంతో నమ్మకం ఉండేది. 500 మంది శిశువులతో అమెరికాలో జరిగిన హీల్ ట్రయల్ 2022లో దాన్ని వమ్ము చేసింది. తల్లులకు విటమిన్ సి, ఇ మాత్రలు కలిపి ఇచ్చిన బ్రిటన్ ట్రయల్ 2006లో వచ్చింది. గుర్రపువాతానికి దారితీసే ప్రీఎక్లాంప్సియా ముప్పు తగ్గలేదు సరికదా, తక్కువ బరువు బిడ్డలు ఎక్కువయ్యారు.

మన గడ్డ మీద వచ్చిన ఫలితం మరింత గట్టిది. బిడ్డ శరీరాన్ని 33.5 డిగ్రీలకు చల్లబరచి 72 గంటలు ఉంచే కూలింగ్ చికిత్స, ఆరు గంటల్లోపు మొదలుపెడితే సంపన్న దేశాల్లో ప్రాణాలనూ మెదడునూ కాపాడుతోంది. 1,505 మంది శిశువుల ట్రయల్స్ కలిపి చూసిన 2013 నాటి సమీక్ష దీన్ని రుజువు చేసింది. అదే చికిత్సను భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలోని ఏడు పెద్ద ఆస్పత్రుల్లో 408 మంది శిశువులపై పరీక్షించిన హెలిక్స్ ట్రయల్ 2021లో వెలువడింది. మరణమో తీవ్ర వైకల్యమో తగ్గలేదు. మరణాలు 31 శాతం నుంచి 42 శాతానికి పెరిగాయి. ఇక్కడి బిడ్డల్లో దెబ్బ కాన్పుకు చాలా ముందునుంచే మెల్లగా సాగి ఉండవచ్చన్నది పరిశోధకుల వివరణల్లో ఒకటి. అదే నిజమైతే ఆరు గంటల తెరపి మన బిడ్డలకు పుట్టేసరికే కరిగిపోయి ఉంటుంది. అంతగా నిరూపితమైన చికిత్సే దేశం మారితే తలకిందులైంది. అలాంటప్పుడు అమెరికా ఎలుకల్లో పనిచేసిన రసాన్ని మన ఎన్‌ఐసీయూ బిడ్డకు పట్టమని ఎవరు చెప్పగలరు?

మొక్కదైతే హాని ఉండదా?

బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రెలో పాలో జిలిన్‌స్కీ బృందం గర్భస్థ శిశువుల గుండెలను స్కానింగ్‌లో చూస్తూ ఒక సంగతి గమనించింది. చివరి మూడు నెలల్లో గ్రీన్ టీ, యెర్బా మాటే అనే ఆకు టీ, ద్రాక్షరసం, డార్క్ చాక్లెట్ వంటి పాలీఫినాల్స్ దండిగా ఉన్నవి ఎక్కువగా తీసుకున్న తల్లుల బిడ్డల్లో డక్టస్ ఆర్టీరియోసస్ అనే రక్తనాళం కుంచించుకుపోతోంది. కడుపులో ఉన్నంతకాలం తెరుచుకుని ఉండవలసిన దారి అది. తల్లులు వాటిని మూడు వారాలు తగ్గించాక నాళం మళ్లీ తెరుచుకుంది. కొన్ని నొప్పి మాత్రలను చివరి నెలల్లో వద్దనేదీ ఇందుకే. రెండూ ప్రోస్టాగ్లాండిన్లను అణచేవే. గర్భిణి దానిమ్మ పండు తినడం వేరు, సాంద్రీకరించిన సారాన్ని రోజూ మింగడం వేరు.

పాలీఫినాల్స్ పేగులో ఇనుమును పట్టేస్తాయి కూడా. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం మన దేశంలో 52.2 శాతం గర్భిణులకు రక్తహీనత ఉంది. ఐరన్ మాత్ర వేసుకుని వెంటనే టీ తాగొద్దని ఆశా కార్యకర్త చెప్పే మాట గ్రీన్ టీ సారానికీ వర్తిస్తుంది. రక్తహీనత ఉన్న తల్లికి కాన్పు ప్రమాదం ఎక్కువ. బిడ్డ మెదడుకని తీసుకున్నది ఆ ప్రమాదాన్నే పెంచడం ఎవరికీ మంచిది కాదు.

పొడుల స్వచ్ఛత మరో భయం. బంగ్లాదేశ్‌లో 2019లో బజారు పసుపు నమూనాల్లో 47 శాతంలో సీసం కనబడింది. రంగు కోసం కలిపిన లెడ్ క్రోమేట్ దానికి కారణం. ప్రభుత్వం గట్టిగా పట్టుకోవడంతో 2021 నాటికి అది దాదాపు మాయమైంది. సీసం పసిమెదడుకు నేరుగా విషం.

మన ఇళ్లలోని అలవాట్లనూ ఈ వెలుగులో చూడాలి. మాట బాగా రావాలని, బుద్ధి పెరగాలని పసిబిడ్డకు వసకొమ్ము అరగదీసి నాకిస్తారు. వసలోని బీటా అసరోన్ జంతువుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని తేలి, అమెరికా 1968లోనే వసను ఆహారంలో నిషేధించింది. అలాగే నాకించే తేనెలో ఉండగల బాట్యులిజం బీజాలు ఏడాది లోపు బిడ్డకు ప్రాణాంతకం కావచ్చు. ఫిట్స్ మందుల మీద ఉండి, మింగడమే కష్టమైన హెచ్‌ఐఈ బిడ్డకు ఏదైనా నాకిస్తే ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం వేరే. పెద్దవాళ్లు ఇవి ప్రేమతోనే చేస్తారు. ఆ ప్రేమను కించపరచకుండా, ఆరు నెలలు తల్లిపాలు తప్ప మరేమీ వద్దని నచ్చజెప్పాలి.

యాంటీఆక్సిడెంట్ అన్న పేరు చూసి తొందరపడితే ఏమవుతుందో 1984 చూపింది. నెల తక్కువ బిడ్డల కంటిచూపును కాపాడాలని ఇ-ఫెరాల్ అనే విటమిన్ ఇ సూదిమందును అమెరికాలో అనుమతి లేకుండానే మార్కెట్లోకి వదిలారు. కాలేయం, కిడ్నీలు దెబ్బతిని 38 మంది శిశువుల మరణాలు దానితో ముడిపడ్డాయి. విటమిన్ ఇ లాంటి సాధారణ పదార్థమే ఇక్కడ ప్రాణాలు తీసింది. అందులో కలిపిన ద్రావకాలే కారణమని గట్టి అనుమానం. సారం ఏదన్నది ఎంత ముఖ్యమో, దాన్ని దేనిలో కలిపారన్నదీ అంతే ముఖ్యం.

ఇప్పటికే చేతిలో ఉన్నవి

ఆక్సీకరణ నష్టాన్ని తగ్గించే అతి పెద్ద విజయం ఈ రంగంలో మాత్రల వల్ల రాలేదు. ఊపిరాడని బిడ్డకు నూరు శాతం ఆక్సిజన్ ఇవ్వడమే ధర్మమని దశాబ్దాల పాటు నమ్మారు. ఢిల్లీలోని మౌలానా ఆజాద్ మెడికల్ కాలేజీకి చెందిన సిద్ధార్థ్ రామ్‌జీ, నార్వేకు చెందిన ఓలా సౌగ్‌స్టాడ్ బృందంతో కలిసి 1993లో మామూలు గాలితో మొదలుపెట్టినా బిడ్డలు అంతే బాగా తేరుకుంటారని చూపారు. తర్వాతి ట్రయల్స్ కలిపి చూస్తే, నెలలు నిండిన బిడ్డల్లో మామూలు గాలితో మొదలుపెట్టినప్పుడు మరణాలు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. 2010 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాలు అదే చెబుతున్నాయి. అధిక ఆక్సిజన్ అంటే అధిక ఫ్రీ రాడికల్స్. పుట్టే చోటే మంటను తగ్గించడం అంటే ఇది. ఇందులో మన దేశపు వైద్యుల పాత్ర ఉన్నందుకు నిజంగా గర్వపడాలి.

నొప్పుల్లో బిడ్డ గుండె చప్పుడు క్రమం తప్పకుండా వినడం, ప్రమాదం పసిగట్టి వేళకు సిజేరియన్‌కు పంపడం, పుట్టిన మొదటి నిమిషంలోనే అంబూ బ్యాగ్‌తో ఊపిరి అందించగల చేతులు ప్రతి కాన్పు గదిలో ఉండడం మొదటి వరస రక్షణ. తర్వాత ఎస్‌ఎన్‌సీయూలో, అంటే నవజాత శిశువుల ప్రత్యేక విభాగంలో, బిడ్డ జ్వరపడకుండా, చక్కెర పడిపోకుండా, ఫిట్స్ అదుపు తప్పకుండా చూడడం. కూలింగ్ అన్ని చోట్లా తగినది కాదని హెలిక్స్ చెప్పింది. బిడ్డను వేడెక్కనివ్వకూడదన్నది మాత్రం అన్ని చోట్లా వర్తిస్తుంది.

ఇల్లు చేరాక తల్లిదండ్రుల చేతిలో ఉన్న బలమైన ఆయుధం ఎర్లీ ఇంటర్వెన్షన్, అంటే తొలి నెలల్లోనే మొదలుపెట్టే థెరపీ. ఇలాంటి దెబ్బ వల్ల రాగల సెరిబ్రల్ పాల్సీని ఆరు నెలల లోపే పసిగట్టవచ్చని 2017 నాటి అంతర్జాతీయ సమీక్ష చెప్పింది. నడక రాలేదని రెండేళ్లు ఆగడం మన దగ్గర మామూలు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా కేంద్రాల్లో నడిచే డిస్ట్రిక్ట్ ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్లలో (డీఈఐసీ) చూపు, వినికిడి పరీక్షలు, ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ ఉచితం. ఎదుగుతున్న మెదడుకు తనను తాను మలచుకునే శక్తి ఎక్కువ. ఆ మొదటి ఏడాదిని డబ్బాల మీద ఖర్చు పెట్టకుండా థెరపీకి ఇవ్వాలి.

రేపటి పరిశోధనకు

మొక్కల పరిశోధన ఆగిపోవాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అది మరింత గట్టిగా, సరైన ప్రశ్నతో సాగాలి. దెబ్బ తగిలిన తర్వాత ఇచ్చినా పనిచేసే పదార్థాలను, కర్క్యుమిన్ నలుసుల్లాంటివాటిని, ఎలుకల నుంచి పంది పిల్లలకు, గొర్రె పిల్లలకు తీసుకెళ్లాలి. మోతాదు, స్వచ్ఛత కచ్చితంగా ఉన్న సూదిమందుగా తయారుచేయాలి. తల్లులకు ముందుగా ఇచ్చే ప్రయోగాలు ముప్పు ఎక్కువున్నవారిలోనే జరగాలి. ప్రతి ట్రయల్‌లో గర్భస్థ శిశువు గుండె స్కానింగ్, తల్లి రక్తహీనత కొలవాలి. రెండేళ్ల వయసులో నడక, మాట, తెలివి కొలవాలి. దెబ్బతినే బిడ్డల్లో అత్యధికులు మన లాంటి దేశాల్లో ఉన్నారు కాబట్టి ఆ ట్రయల్స్ కూడా ఇక్కడే, మన ప్రభుత్వ ఆస్పత్రుల్లో, తల్లిదండ్రులకు అన్నీ విప్పి చెప్పి జరగాలి.

అంతవరకు గర్భిణి దానిమ్మ తినాలి, పల్లీలు తినాలి, కూరలో పసుపు వేసుకోవాలి, ఐరన్ మాత్ర వేళకు వేసుకోవాలి. అవి ఆహారం, ఆహారంగా వాటి విలువకు ఎలుకల సాక్ష్యం అక్కర్లేదు. దెబ్బతిన్న బిడ్డకు మాత్రం డాక్టర్‌కు చెప్పకుండా ఏ సారమూ, ఏ చుక్కా వేయకూడదు. సప్లిమెంట్ అమ్మేవారిని తల్లిదండ్రులు ఒక్క ప్రశ్న అడగాలి. "దెబ్బ తగిలాక ఇచ్చి, పసిబిడ్డల్లో పరీక్షించి, రెండేళ్లకు మేలు చూపారా?" చూపామని రుజువు తెచ్చే రోజు కోసం శాస్త్రజ్ఞులు పనిచేయాలి, ప్రభుత్వాలు డబ్బు పెట్టాలి. ఆ రుజువు లేని డబ్బాను బిడ్డ నోటి దగ్గరికి తేకుండా కాపాడుకోవడం పెద్దవాళ్లుగా మన పని.